నాలుగో సిలిండర్ వెనకాల మట్టి

మా అంబాసిడర్ ఇంజిన్ దింపి రెండున్నర నెలలైంది. బడి వదిలాక సాయంత్రాలు, ఆదివారాలు, రెండో శనివారాలు, నాకు దొరికే టైము అంతే. అందులో ముప్పాతిక వంతు ఒక్క బ్లాక్ దగ్గరే, అంటే సిలిండర్లు ఉండే బీడు దిమ్మ దగ్గరే గడిచిపోయింది. "ఎంతవరకు వచ్చింది మాస్టారూ?" అని స్టాఫ్ రూములో ఎవరడిగినా "ఇంకా కడుగుతున్నానండీ" అనే చెబుతున్నాను. "కడగడానికి ఇన్నాళ్లా?" అంటారు. అవును, ఇన్నాళ్లే. పాత బండి ఇంజిన్ చేయించుకునేవాళ్లు పిస్టన్లు ఏ కంపెనీవి, రింగులు ఏ కంపెనీవి అని పదిసార్లు అడుగుతారు. బ్లాక్ ఎలా కడిగారని ఒక్కసారీ అడగరు. మేమూ అడగలేదు. ఫలితం అనుభవించాం.

బండి 1984 మోడల్, మార్క్ 4, పెట్రోలు. నాన్న తెనాలిలో టాక్సీ తిప్పుతూ కొన్నది. నొప్పులు పడుతున్న ఆడవాళ్లను అర్ధరాత్రి గుంటూరు ఆసుపత్రికి చేర్చింది, పెళ్లివారిని తిరుపతి తీసుకెళ్లి తెచ్చింది, మా చదువులకు ఫీజులు కట్టింది. లోపలున్నది 1950ల నాటి ఇంగ్లండు డిజైను, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బి సిరీస్, 1489 సీసీ. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 73 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 89కి పిసరు తక్కువ. బ్లాక్, హెడ్ రెండూ బీడే. పిస్టన్ల కింద తిరిగే ఇరుసు, క్రాంకుకు మూడే మెయిన్ బేరింగులు. ఇంత పాత ఇంజిన్‌ను ఇప్పటికీ ఎవరైనా మళ్లీ నిలబెట్టగలుగుతున్నారంటే, బీడు అంత ఓర్పున్న లోహం కాబట్టే. అరిగితే బోరింగ్ చేసి సిలిండర్‌ను కాస్త పెద్దగా కోసుకోవచ్చు, ఇంకా అరిగితే లోపల కొత్త గొట్టం, స్లీవ్ వేసుకోవచ్చు. కానీ మురికిని మాత్రం ఓర్చుకోదు.

2011లో ఒకసారి ఇంజిన్ చేయించాం. 20 సైజుకు (అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై పెద్దగా) బోరింగ్, కొత్త పిస్టన్లు, కొత్త బేరింగులు. బోరింగ్ నుంచి బ్లాక్ వచ్చిన సాయంత్రమే కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఎయిర్ కొట్టి, రాత్రికల్లా బిగించేశారు. నేను పక్కనే నిలబడి చూశాను. బండి తొందరగా వచ్చేస్తోందని సంతోషించాను కూడా. 3 వేల కిలోమీటర్లు తిరిగేసరికి కింది నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ విప్పితే బేరింగు షెల్స్ మీద గోళ్లతో గీరినట్టు గీతలు. వేలితో తడిమితే మెత్తటి బూడిదరంగు పొడి. బేరింగు క్వాలిటీ లేదన్నారు, మేం నమ్మాం. నాన్న అప్పటికి డబ్బులు పెట్టి పెట్టి అలసిపోయి ఉన్నారు. బండిని షెడ్డులోకి తోసి టార్పాలిన్ కప్పేశారు.

ఆ బూడిదరంగు పొడి ఏమిటో నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. బోరింగ్ అయ్యాక సిలిండర్ గోడల మీద హోనింగ్ రాళ్లతో అడ్డగీతలు పెడతారు. ఆ రాళ్లు అరిగి రాలిన పొడి, బీడు రజను, రెండూ కలిసి ఆ సన్నటి గీతల్లో దూరి కూర్చుంటాయి. కిరసనాయిలు జిడ్డును కరిగిస్తుంది, ఈ పొడిని మాత్రం గీతల్లోంచి పైకి లాగలేదు. గోడ చూడ్డానికి తళతళలాడుతూ ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆయిల్ ఆ పొడిని కడిగి తనతో తీసుకుపోతుంది. అలా మా కొత్త బేరింగుల మధ్యకు మేమే ఎమరీ పొడి పంపించాం.

అందుకే ఈసారి బ్లాక్ నా చేతుల్లో ఉండాలనుకున్నాను. మెషిన్ పని నాకు రాదు, అది విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన చేశారు. కడగడం మాత్రం నాదేనని ముందే చెప్పాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, "మంచిది మాస్టారూ. మీరు కడిగినంత శ్రద్ధగా మా కుర్రాళ్లు కడగలేరు. వాళ్లకి రోజుకి నాలుగు బ్లాకులు" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

విప్పడం గురించి ఎక్కువ రాయను. ఒక్కటి మాత్రం చెప్పాలి. క్రాంకును కింది నుంచి పట్టి ఉంచే మెయిన్ బేరింగు క్యాపులు విప్పేటప్పుడు ఏది ఏ చోటుదో, ఏ వైపు ముందుందో గుర్తు పెట్టుకోవాలి. ఆ క్యాపుల్ని బ్లాక్‌కు బిగించాకే లోపలి గుండ్రాన్ని కోస్తారు కాబట్టి ఒకదాని చోట ఇంకోటి సరిపోదు. నేను సెంటర్ పంచ్‌తో చుక్కలు పెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు.

తర్వాత వెల్చ్ ప్లగ్గులు. బ్లాక్ పోత పోసేటప్పుడు లోపలి ఇసుక బయటికి తీయడానికి వదిలిన రంధ్రాల్ని మూసే రేకు బిళ్లలు ఇవి. మధ్యలో చిన్న బెజ్జం వేసి, స్క్రూ బిగించి, కటింగ్ ప్లేయర్‌తో లాగితే ఊడొచ్చాయి. ముందు వైపు ప్లగ్గు తీస్తే లోపల వాటర్ జాకెట్, అంటే సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ, కనిపించింది, తుప్పు తప్ప ఇంకేం లేదు. వెనక వైపు ప్లగ్గు తీస్తే మాత్రం ఏమీ కనిపించలేదు. అంతా మట్టి. నాలుగో సిలిండర్ వెనకాల సగం ఎత్తు దాకా, కుండ అడుగున సున్నం పట్టినట్టు గట్టిగా పేరుకుపోయి ఉంది. స్క్రూడ్రైవర్ దిగలేదు. సైకిలు చువ్వ చివర సానబట్టి, గుచ్చి గుచ్చి, నీళ్లు పోసి నానబెట్టి, మళ్లీ గుచ్చి, మూడు సాయంత్రాలు తీశాను. మొత్తం ఆరబెడితే పెద్ద హార్లిక్స్ సీసా నిండింది.

నాన్నను పిలిచి చూపించాను. ఆయన ఆ సీసా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"ఇది మన కాలవ మట్టేరా" అన్నారు. "దారిలో బండి వేడెక్కితే ఏ కాలవ కనిపిస్తే ఆ కాలవ నీళ్లు పోసేవాణ్ణి. వర్షాకాలం ఎర్రనీళ్లే కదా ఉండేవి. బండి ఆగిపోకూడదు, అంతే ఆలోచించేవాణ్ణి."

తప్పు ఆయనది కాదు. ఈ ఇంజిన్లో నీళ్ల పంపు ముందు వైపు ఉంటుంది. నీళ్లు వెనక్కి వెళ్లేకొద్దీ నెమ్మదిస్తాయి, బరువైనదంతా అక్కడే అడుగున పేరుకుంటుంది. మట్టి, తుప్పు పెచ్చులు, ఫ్యాక్టరీలో పోత పోసినప్పుడు మిగిలిపోయిన ఇసుక కూడా. నీళ్లు వదలడానికి బ్లాక్ పక్కన ఇత్తడి ట్యాపు ఉంటుంది గానీ ఒకసారి మట్టి కప్పేశాక అది తిప్పినా చుక్క రాదు. రేడియేటర్ ఎన్నిసార్లు మార్చినా మా బండి ఎందుకు వేడెక్కేదో, నాలుగో సిలిండర్ మిగతా మూడింటికన్నా ఎందుకు ఎక్కువ అరిగిందో ఆ సీసా చూశాకే తెలిసింది. పాత అంబాసిడర్ ఉన్నవాళ్లు ఇంజిన్ మొత్తం విప్పకపోయినా సరే, వెనక ప్లగ్గు ఒక్కటి తీసి చూసుకోండి. నా మాట వినండి.

పైన పట్టిన జిడ్డు సంగతి సులువే. పాత ఉలితో గీకి, కిరసనాయిలు పోసి, వైర్ బ్రష్‌తో తోమాను. చేతికి అందని సందులకు ఆటోనగర్‌లో కాస్టిక్ సోడా వేడినీళ్ల తొట్టి ఉంది. అందులో దించే ముందు క్యామ్ (వాల్వులు తెరిపించే ఇరుసు) తిరిగే బుష్‌లు, అల్యూమినియం ముక్కలు ఏమైనా ఉంటే తీసేయాలి, కాస్టిక్ వాటిని తినేస్తుంది. బీడును ఏమీ చేయదు. తొట్టిలోంచి తీసి నీళ్లతో కడిగిన బ్లాక్ ఎంత శుభ్రంగా ఉందంటే, కళ్ల ముందే ఎర్రబడిపోయింది. జిడ్డు పూర్తిగా పోయిన బీడుకు గాలి తగిలితే చాలు. అక్కడికక్కడే డీజిల్ పూసి, గోనెసంచిలో చుట్టి ఆటోలో ఇంటికి తెచ్చాను.

వాటర్ జాకెట్ లోపలి తుప్పు కాస్టిక్‌కు పోదు. దానికి కరెంటు పద్ధతి వాడాను. నేను భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, అందులో చాకలి సోడా కలిపి బ్లాక్‌ను ముంచాను. 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగెటివ్ తీగ బ్లాక్‌కు, పాజిటివ్ తీగ ఇంటి స్లాబుకు వాడే ఇనప ఊచలకు. ఊచలు బ్లాక్‌కు తగలకూడదు. ఒక సన్నటి ఊచకు ప్లాస్టిక్ వలగుడ్డ చుట్టి వెల్చ్ ప్లగ్గు రంధ్రంలోంచి జాకెట్ లోపలికి కూడా పెట్టాను, ఎందుకంటే ఎదురుగా ఊచ ఉన్న వైపే పని బాగా జరుగుతుంది. బ్లాక్ మీద సన్నటి బుడగలు వస్తాయి, అది హైడ్రోజన్. అందుకే ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. తీగలు కదిపే ముందు చార్జర్ ఆపేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ఊచలు, స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెలు పాజిటివ్ వైపు ఎప్పుడూ వాడకూడదు, వాటిలోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. నాలుగు రోజులు నడిచింది. పైన గోధుమరంగు నురుగు తేలింది. ఎర్రటి తుప్పు నల్లటి పొడిగా మారి, హోస్ పైపు పెడితే జలజలా రాలిపోయింది. ఇత్తడి ట్యాపును మాత్రం అమ్మ తీసుకుపోయి పూజ సామానుతో పాటు చింతపండు వేసి తోమి ఇచ్చింది. ఇప్పుడు అది తిరుగుతోంది.

బోరింగ్‌కు డబ్బులు పెట్టే ముందు బ్లాక్ పగిలి ఉందేమో చూసుకోవాలి. దానికి సుద్ద పద్ధతి నాన్నే చెప్పారు. బ్లాక్ మీద కిరసనాయిలు బాగా పట్టించి, కాసేపాగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేసి, సుద్దపొడి పల్చగా రాయాలి. పగులు ఉంటే అందులో దాక్కున్న కిరసనాయిలు తెల్లటి పొడిలోకి ఊరి సన్నటి గీతలా తడి కనిపిస్తుంది. బడి నుంచి రెండు సుద్దముక్కలు తెచ్చి నూరాను. రెండో సిలిండర్‌కూ మూడో సిలిండర్‌కూ మధ్య, స్టడ్ రంధ్రం పక్కన, అంగుళం పొడవున గీత తేలింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చాలా టెన్షన్ పడ్డాను. బ్లాక్ పగిలిందంటే ఇంకో బ్లాక్ వెతుక్కోవాలి. అప్పుడది నాన్న బండి ఇంజిన్ కాదు. పొద్దున్నే నాన్న వచ్చి, భూతద్దం పెట్టి చూసి, "మెత్తటి ఆకురాయి తీసుకో. గీత ఉన్నచోట రెండే రెండు దెబ్బలు రాయి. తర్వాత మళ్లీ సుద్ద వెయ్యి" అన్నారు. రాశాను. గీత పోయింది. మళ్లీ కిరసనాయిలు, మళ్లీ సుద్ద. తెల్లగానే ఉంది. ఎప్పుడో గాస్కెట్ గీకేటప్పుడు ఎవరో ఉలితో గీసిన గీత అది. పగులైతే ఎంత రాసినా మళ్లీ ఊరుతుంది. సాయంత్రం ఇంకోసారి, మర్నాడు ఇంకోసారి వేసి చూసుకున్నాను.

ఆ తర్వాత ఆకురాయి పని. పోత అచ్చులో రెండు భాగాలు కలిసేచోట బీడు పొంగి పదునైన అంచులా నిలుస్తుంది. బ్లాక్ బయట, క్రాంకు తిరిగే లోపలి గదిలో, ట్యాపెట్లు ఉండే వైపు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. తుడిచే గుడ్డ పీలికలు వాటికి చిక్కుకుంటాయి, వేళ్లు తెగుతాయి. అంతకంటే ముఖ్యం, లోపలి గోడకు ఇన్నేళ్లూ అతుక్కుని ఉన్న ఇసుక రేణువో బీడు పలుకో ఒకరోజు ఊడి ఆయిల్లో పడవచ్చు. లోపలంతా వేలితో తడుముతూ, గుచ్చుకున్న ప్రతిచోటా గుండ్రటి ఆకురాయితో రాశాను. సిలిండర్ల కింది అంచుల పదును కూడా కొద్దిగా విరిచాను. మెషిన్ చేసిన ముఖాల మీద మాత్రం ఈ పనిలో ఆకురాయి తగలనీయలేదు. హెడ్ కూర్చునే ముఖం, క్యాపులు కూర్చునే చోట్లు, చాంబర్ అంచు, వీటికి గుడ్డ కట్టి పని చేశాను.

బయటి గరుకు విషయంలో లేతు షాపు కుర్రాడు, "పుట్టీ పెట్టి రుద్దేద్దాం అన్నా, అద్దంలా వస్తుంది" అన్నాడు. ప్రేమతోనే చెప్పాడు. వద్దన్నాను. ఆ గరుకు ఇసుక అచ్చు వదిలిన గుర్తు. దాన్ని పుట్టీతో కప్పేయడం నాకు మనసొప్పలేదు. పైగా వేడికీ అదురుకీ పుట్టీ ఎన్నాళ్లు నిలుస్తుంది?

హెడ్ ముఖం మీద ఆటోనగర్ పెద్దాయన ఉక్కుబద్ద పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి ఐమూలగా రెండు వైపులా చూశారు. మధ్యలో కాస్త పల్లం ఉంది, సన్నగా ఒక పొర ఫేసింగ్ చేశారు. బోర్లు అన్నీ 40 సైజుకు వెళ్లాయి, అంటే 74 మిల్లీమీటర్లు దాటి పిసరు. పిస్టన్లు చేతికొచ్చాకే బోరు కోశారు. ఒక్కో పిస్టన్‌ను మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తగ్గట్టు దాని సిలిండర్. నాలుగు పిస్టన్ల మీదా మార్కర్‌తో నంబర్లు వేసి ఇచ్చారు.

ఇక అసలైన కడుగుడు. ఒక ఆదివారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం, నేనూ మా అమ్మాయీ. రెండు బకెట్ల వేడినీళ్లు, బట్టల సబ్బుపొడి, పాలసీసాలు కడిగే బ్రష్‌లు పెద్దవి రెండు, చిన్నవి మూడు. హోనింగ్ పొడిని గీతల్లోంచి లాగేది సబ్బు నురుగే. బ్రష్‌ను సిలిండర్లో తిప్పి తిప్పి తోమడం, నీళ్లు కొట్టడం, మళ్లీ తోమడం. మొదటి బకెట్టు నీళ్లు సీసంరంగులో వచ్చాయి. నాలుగోసారికి తేటపడ్డాయి. తేటపడ్డాయని ఆపకూడదు. బ్లాక్ లోపల ఆయిల్ పారే దారులు, ఆయిల్ గ్యాలరీల చివరి ప్లగ్గులు ముందే తీయించాను. బ్లాక్ పొడవునా పోయే పెద్ద దారిలోంచి చిన్న బ్రష్‌ను తీగకు కట్టి ఇటు నుంచి అటు లాగాం. మెయిన్ బేరింగులకు దిగే మూడు దారులు, క్యామ్‌కు వెళ్లే దారులు, ఒక్కొక్కటీ విడివిడిగా. అమ్మాయి ఒక చివర ఫోన్ టార్చి పెట్టేది, నేను రెండో చివర కన్ను పెట్టి చూసేవాణ్ణి.

మధ్య మెయిన్ దారిలో వెలుతురు గుండ్రంగా రాలేదు.

"నాన్నా, టార్చి సరిగ్గానే పెట్టాను" అంది.

"తెలుసు తల్లీ, లోపలేదో ఉంది" అన్నాను. కంప్రెసర్ గాలికి రాలేదు. బ్రష్‌తో లాగితే వచ్చింది. గట్టిపడిన పాత ఆయిల్ ముద్ద, బియ్యపుగింజంత. విరిచి చూస్తే లోపల మెరుస్తున్న ఇనపరజను. అరచేతిలో పెట్టుకుని ఇద్దరం చూశాం. 2011 నుంచీ అది అక్కడే ఉందనుకుంటాను. కాస్టిక్ తొట్టి దాన్ని కరిగించలేదు, గాలి కదల్చలేదు. నేను ఆ ఆదివారం తేటనీళ్లు చూసి ఆపేసి ఉంటే కొత్త బేరింగు దగ్గరికే వెళ్లేది.

ఏడుసార్లు కడిగాం. ఆఖర్న గాలి కొట్టి ఆరబెట్టడం, ఆయిల్ పూయడం ఒకేసారి జరగాలి. నేను గాలి కొడుతుంటే అమ్మాయి వెనకే ఆయిల్ గుడ్డతో వచ్చింది. తర్వాత నాన్న పాత తెల్లపంచె చింపి, ఇంజిన్ ఆయిల్లో తడిపి సిలిండర్ గోడలు తుడిచాం. గుడ్డ మీద బూడిదరంగు మరక వస్తే మళ్లీ ఇంకో గుడ్డ. పదకొండో గుడ్డ తెల్లగా వచ్చింది.

రంగు పని రెండు రోజులు. లోపల రంగు వేయించుకునేవాళ్లున్నారు, ఆయిల్ తొందరగా కిందికి జారుతుందని. నేను వేయలేదు. ఒక్క పెచ్చు ఊడినా ఆయిల్లోకే కదా. బయటికి మాత్రం తప్పనిసరి, లేకపోతే మళ్లీ తుప్పే. మెషిన్ ముఖాలన్నిటికీ టేపు వేసి, రంధ్రాలకు పాత పేపరు ఉండలు కుక్కి, థిన్నర్‌తో మూడుసార్లు తుడిచి, ప్రైమరు, ఆపైన ఎనామిల్ పల్చగా మూడు కోట్లు. సైలెన్సర్ మానిఫోల్డ్‌లా బ్లాక్ వందల డిగ్రీలకు పోదు, మంచి ఇంజిన్ ఎనామిల్ చాలు. ఆకుపచ్చ ఎంచుకున్నాను, గీకుతున్నప్పుడు జిడ్డు కింద ఒకచోట ఆ రంగు పొర కనిపించింది కాబట్టి. ఇంజిన్ నంబరు ఉన్నచోట ఆకురాయి గానీ, ఉప్పుకాగితం గానీ తగలనీయలేదు, రంగు కూడా దాని మీద మందంగా పడనీయలేదు. ఆర్సీలో ఉన్న అంకెలు బ్లాక్ మీద కనబడాలి.

రంగు ఆరిన సాయంత్రం నాన్న ఆర్సీ బుక్కు, భూతద్దం పట్టుకుని వరండాలోకి వచ్చారు. అంకెలు ఒక్కొక్కటే పైకి చదివారు. నేను బ్లాక్ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే సరిచూశాను. చివరి అంకె కూడా కలిశాక ఆయన నాలుగో సిలిండర్లో చెయ్యి పెట్టి గోడ మీద అరచెయ్యి చుట్టూ తిప్పారు. చెయ్యి తీసి లైటు కింద చూసుకున్నారు. ఆయిల్ తడి తప్ప ఏమీ లేదు.

"క్రాంకు ఎప్పుడొస్తుంది?" అన్నారు.

"గురువారం ఇస్తానన్నారు నాన్నా."

"అది కూడా ఇంటికే తీసుకురా. దాన్లోనూ ఆయిల్ దారులుంటాయి" అన్నారు.